హాట్ డాగ్‌లోకి ఆవకాయ, మీదికి మజ్జిగ

మా ఆయన దొరల వంటవాడు. ఈ మాట ఆయన చెప్పుకునే తీరు చూస్తే తహసీల్దారైనా లేచి నిలబడాల్సిందే. బోయిన్‌పల్లి బంగళాలో ఒక ఇంగ్లీషు దొరకు సూపులూ రోస్టులూ పుడ్డింగులూ వండేవాడు. ఇంటికొచ్చాక మాత్రం కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చునేవాడు. ఇంట్లో పొయ్యి ముట్టుకుంటే చేసే పనికి అవమానమట. నేను పెట్టిన పప్పన్నం తింటూ "మీ తిండిల కారం తప్ప టేస్ట్ ఏడుందే?" అనేవాడు. అంటూనే రెండోసారి వడ్డించుకునేవాడు. మా పుట్టిల్లు మధిర దగ్గర. కారాన్ని తక్కువ చేసి మాట్లాడితే మాకు ఒళ్లు మండుతుంది.

దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడే ఆ దొర సామాను సర్దుకుని ఓడెక్కాడు. కొత్తగా పని ఇచ్చే దొర ఎవడూ దొరకలేదు. మరుసటి ఏడు రజాకార్ల భయం, దాని వెనకాలే పోలీస్ చర్య. ఆ కొద్దిరోజులూ మోండా మార్కెట్ వెనకున్న మా గల్లీలో ఒక్క తలుపు తీసి ఉంటే ఒట్టు. మా అత్తా నేనూ చింతపండు చారు కాచుకుని, బయట చిన్న చప్పుడైనా దీపం తగ్గించుకుంటూ గడిపాం. యూనియన్ సైన్యం లారీలు వచ్చాక మార్కెట్ తెరిచారు, కూరగాయలు వచ్చాయి, మనుషులు నవ్వడం మొదలుపెట్టారు. మా ఆయనకు మాత్రం పని దొరకలేదు.

దాంతో ఆయన బొంబాయి మాట ఎత్తాడు. అక్కడ ఓడల్లో వంటవాళ్లు కావాలట. ఎక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతాడో ఎవరికీ తెలియదట. అత్త ఆ మాట వింటే చాలు కొంగు నోట్లో కుక్కుకునేది. నాకైతే ఏడుపు కన్నా కోపం ముందొచ్చింది. నన్ను అత్తకు అప్పజెప్పి సముద్రం మీద తిరుగుతాడా ఈ మనిషి! రోజూ పోట్లాడేదాన్ని. ఆయన పెట్టె సర్దడం మానలేదు.

అట్లాంటి రోజుల్లో, పాత దొర ఉన్న బంగళాలోకే సైన్యం మేజరు ఒకాయన దిగాడని తెలిసింది. మా ఆయన ఇస్త్రీ కోటు తొడుక్కుని పరుగెత్తాడు. ఆ మేజరు యుద్ధంలో ఇటలీ దాకా పోయి, అక్కడ అమెరికా సిపాయిల దగ్గర హాట్ డాగ్ అనే తిండి తిన్నాడట. ఆదివారం పగటిపూటకు అది చేసుకు రమ్మన్నాడు. పక్కన ఏం పెట్టాలో, మీద ఏం తాగించాలో వంటవాడి ఇష్టమేనట, బీరు మాత్రం పనికిరాదట. నచ్చితే పని, నచ్చకపోతే మా ఆయన బొంబాయి రైలు ఎక్కుతాడు. హాట్ డాగ్ అంటే పొడుగు బన్నును చీల్చి, కీమా కూరిన పేగును వేయించి మధ్యలో పెట్టి, ఆవముద్ద రాసుకుని తినేది. ఇంగ్లీషులో దాని పేరుకు అర్థం ఏమిటో మేం అత్తకు చెప్పలేదు.

ఆయన మేకపేగులు తెచ్చి అత్త ముందు పెట్టాడు. అత్త వాటినీ, కొడుకునూ మార్చి మార్చి చూసింది.

"ఏందిరా, దొరలు సుత బోటి తింటరా? మరి ఇన్నొద్దులు నా బోటికూర చూసి ముక్కు మూసుకున్నవ్?"

"ఇది బోటి కాదమ్మా, సాసేజి."

"కడిగేటప్పుడు బోటే కదరా!" అంటూ పసుపూ ఉప్పూ వేసి కడిగిచ్చింది.

గరాటు పెట్టి కీమా కూరాం. మొదటిది పెనం మీద టప్పుమని పేలి గోడకు అతుక్కుంది. అత్త ఉలిక్కిపడి, "పోలీస్ యాక్షన్ ఇంకా అయిపోలేదారా?" అంది. రెండోదానికి సూదితో చిల్లులు పొడిస్తే బుద్ధిగా వేగింది. ఇరానీ బేకరీవాళ్లను బతిమాలి పొడుగు బన్నులు చేయిస్తే, అలవాటు కొద్దీ చక్కెర వేసి ఇచ్చారు. తీపి బన్నులో కారం కీమా అత్తకు తెగ నచ్చింది. మా ఆయన తల పట్టుకుని మళ్లీ బేకరీకి పోయాడు.

ఇక తాగేదాని గొడవ. ఇరానీ చాయ్ తాగితే నోట్లో మాంసం రుచి మాయమైంది. గోలీ సోడాకు ఇద్దరికీ తేన్పులు తప్ప ఇంకేం మిగల్లేదు. నిమ్మ షర్బత్ కీమాతో బాగానే కలిసింది గాని బన్ను దగ్గర పేచీ పెట్టింది. "కల్లు పెట్టి చూడుర్రి" అని అత్త సలహా ఇచ్చింది. తెచ్చాం. బాగుందో లేదో ఒక్క గుక్కతో తెలియదని ఆమే ముంత ఖాళీ చేసి, బాగుందని చెప్పి నిద్రపోయింది. చివరికి నేను అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి మజ్జిగ చిలికాను. మా ఆయన తాగి, గ్లాసు మళ్లీ చాపాడు. ఆయన నోటి నుంచి అంతకన్నా మెప్పు రాదని నాకు తెలుసు.

ఆవముద్ద దగ్గరే అసలు తగాదా. దొర వాడిన ఇంగ్లీషు ఆవపొడి డబ్బా ఎప్పుడో అయిపోయింది. మా ఆయన ఆవాలు రోట్లో నూరి, పులుపుకు సిర్కా కలిపాడు. ఆదివారం పొద్దున తొందరలో వేడినీళ్లు కూడా పోశాడు, అది కాస్తా చేదెక్కింది. మళ్లీ నూరేంత పొద్దు లేదు.

"ఎందుకయ్యా ఈ పరేషాన్? మా అమ్మ పంపిన ఆవకాయ ఉంది. దాంట్ల ఆవపిండి ఉంది, పులుపు ఉంది, నూనె ఉంది. ఇంకేం కావాలె నీ హాట్ డాగ్‌కు?" అన్నాను.

"ఆవకాయనా? మేజర్ సాబ్‌కా? నా ఇజ్జత్ తీస్తవా?" అని లేచాడు.

నేను నోరు మూసుకున్నాను. మూసుకుని, మేమిద్దరం మధ్యాహ్నం తినడానికని టిఫిన్ క్యారియర్‌లో అన్నం, ముద్దపప్పు, ఆవకాయ సర్దాను. మజ్జిగ కుండ పట్టుకోవడానికి మనిషి కావాలి కాబట్టి జట్కాలో నేనూ ఎక్కాను.

మేజరు వరండాలో కూర్చున్నాడు. మీసాలు చూస్తేనే భయమేసింది. మా ఆయన ఇంగ్లీషులో ఏదో చెబుతూ పళ్లెం పెట్టాడు. మేజరు ఒక ముక్క కొరికాడు. నమిలాడు. నమలడం ఆపి మా ఆయన వైపు చూశాడు. ఆ ముఖం చూసి బొంబాయి రైలు కూత నాకు అక్కడే వినబడింది.

ఏం ధైర్యమో, నేను క్యారియర్ విప్పి తిన్నగా బల్ల దగ్గరకు పోయాను. రెండో బన్నులోని ఆవముద్దను చెంచాతో గీకి పారేసి, ఎర్రటి ఆవకాయ గుజ్జు రాసి ముందుకు జరిపాను. మా ఆయన నా వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. "సారీ సార్, మై వైఫ్, సార్..." అంటున్నాడు.

మేజరు కొరికాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచి నన్ను చూసి, ఇంగ్లీషు మానేసి అచ్చమైన తెలుగులో అడిగాడు.

"ఏవమ్మా, ఏ ఊరు మీది?"

"మధిర దగ్గరండి."

"మాది బెజవాడ అవతల. ఈ ఆవకాయ ఎవరు పెట్టారు?"

"మా అమ్మండి."

ఆయన క్యారియర్ వైపు చూశాడు. "ఆ గిన్నెలో అన్నమేనా?"

ఇక చెప్పేదేముంది! బన్నులు ఓ పక్కకు పోయాయి. మేజరు చొక్కా చేతులు మడిచి ముద్దపప్పులో ఆవకాయ కలిపాడు. మా ఆయన అంత తంటాలుపడి వేయించిన సాసేజీలను ముక్కలు తుంచి, అప్పడంలా నంజుకున్నాడు. నేను మజ్జిగ గ్లాసులో పోసి ఇస్తే తాగలేదు. చివర మిగిలిన అన్నంలో ఒంపుకుని, పిసికి, జుర్రుకు తిన్నాడు. మాకోసం తెచ్చుకున్న భోజనంలో ఒక్క మెతుకు మిగల్లేదు. దేశాలు తిరిగి యుద్ధం చేసొచ్చిన మనిషి చేతులు కడుక్కుంటూ, "మెస్సుల్లో తిని తిని నాలుక చచ్చిపోయిందమ్మా" అన్నాడు.

తర్వాత మా ఆయన వైపు తిరిగి, "రేపటి నుంచి వచ్చెయ్. ఆదివారం నీ ఇష్టం, రోస్టు చెయ్యి, సూపు చెయ్యి. మిగతా రోజులు మాత్రం ఇదే వండాలి" అన్నాడు.

"యస్ సార్," అన్నాడు మా ఆయన.

జట్కా ఎక్కి తిరుగుదారి పట్టాం. ఆయన ఖాళీ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని గుర్రం తోక వైపు చూస్తూ కూర్చున్నాడు. పని దొరికిన మనిషి వాలకమే కాదు. చివరికి నేనే అడిగాను.

"ఏందయ్యా, ఒప్పుకున్నట్టా, లేకపోతే బొంబాయేనా?"

ఆయన జట్కావాడికి వినబడకుండా నా చెవి దగ్గరకు వంగాడు.

"నాకు పప్పు వండరాదే. బొంబాయి పోతే ఎవరు నేర్పుతరు?"

నేను కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. నవ్వుతున్నానని అనుకున్నాడు పాపం.