బంగారు ముద్ర

తమిళనాడులో వేలూరు దగ్గరి గుడియాత్తంలో లుంగీలు నేయించి అమ్మే గుణశేఖర్‌కి ఏ గుడ్డ కనబడినా అంచు పట్టుకుని బొటనవేలితో నలిపి చూడటం అలవాటు. పెళ్ళిలో పక్కవాడి ఉత్తరీయాన్ని కూడా వదలడు. పోగు తెగిన లుంగీ దొరికితే ఆ చోటును మడత లోపలికి తిప్పి, పైన ‘ఫస్ట్ క్వాలిటీ’ అని బంగారు రంగు ముద్ర కొట్టేస్తాడు. అలాంటి మనిషి, కూతురు నివేదిత వేలూరులో ఏదో పెద్ద వేసవి శిబిరానికి ఎంపికైందనగానే బజారంతా మిఠాయి పంచాడు. వాళ్ళిచ్చిన సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి, దాని మూలనున్న బంగారు ముద్రను రోజూ తుండుగుడ్డతో తుడిచేవాడు. “ఇది ఉంటే చాలప్పా, కాలేజీవాళ్ళే పిలిచి సీటిస్తారు” అని లుంగీ కొనడానికి వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు.

అడ్మిషన్ల రోజు ఆ ఫ్రేమును అంగట్లోని కొత్త లుంగీలో చుట్టుకుని వేలూరు వెళ్ళాడు. కాలేజీ వరండాలో కూర్చున్న ప్రతి తండ్రి ఒళ్ళోనూ అదే బంగారు ముద్ర మెరుస్తోంది. లోపలున్న మేడమ్ ఫ్రేమును మోచేత్తో పక్కకు జరిపి, మార్కులు చూసి, సీటు రాదని అరవంలో తేల్చేసింది.

తిరుగు బస్సులో నివేదిత మెల్లగా అంది. “ఆ శిబిరంలో అడిగినోళ్ళందర్నీ చేర్చుకున్నారు నాయనా. మన లుంగీల మీద మాదిరే ముద్ర కొట్టి ఇచ్చినారు.”

“నోరు ముయ్యి పాపా! మన ముద్ర చూసి జనం కొంటా ఉండారు గదా!”

ఒళ్ళో ఫ్రేముకు చుట్టిన లుంగీ అంచును నలుపుతున్న అతని బొటనవేలికి తెగిన పోగు తగిలింది. కూతురు చూడకుండా దాన్ని మడత లోపలికి తిప్పాడు.