ఇంగువ వాసన వేసిన కానుగ

ఈ పొద్దున మా బావ కొత్త కారు తెచ్చి మా వాకిట్లో, కానుగ చెట్టు కింద పెట్టాడు. బావ అంటే మా ఆయనకు అన్న, మా పక్కింటివాడు, ఈ జన్మలో నేను క్షమించని ఒకే ఒక్క మనిషి. కల్లూరులో మా వీధి మొత్తానికి నీడ ఆ చెట్టొక్కటే. కారు మీద పూలు బొరుగులు పోసినట్టు రాలుతుంటే ఆయన ముద్దుగా తుడుచుకుంటున్నాడు. నేను చీపురు పట్టుకుని చూస్తున్నాను.

ఆ చెట్టు మా అత్త నాటింది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు బావకు మిద్దె, మాకు రేకుల ఇల్లు వచ్చాయి. అత్త మా వాటాకే వచ్చింది. ఆ పంపకంలో నాకు దక్కిన మంచి సొత్తు ఆమేనని తర్వాత తెలిసింది. ఆమెకు ఒకసారి వడదెబ్బ తగిలింది, మళ్ళీ తగిలితే కష్టమన్నాడు డాక్టరు. అందుకని ఎండాకాలమంతా కానుగ కింద నులక మంచం మీదే ఉండేది. వక్కాకు నమలడం, ఆటోవాళ్ళను ఆపి ఊరి సంగతులడగడం, నా వంటను తిట్టడం, అన్నీ అక్కడి నుంచే.

మధ్యాహ్నం పూట చెట్టు నీడ ఇంటి మీద పడితే కలిసిరాదని బావకు ఎవరో వాస్తు చూసేవాడు చెప్పాడు. కొట్టెయ్యమని కబురు పెడితే అత్త ససేమిరా అంది. ఆ ఏడు పూత మధ్యలోనే ఆకు పండుబారింది. తేనెటీగలు రావడం మానేశాయి. ఎండ ముదిరేకొద్దీ చెట్టు దగ్గర ఒకటే వాసన. “ఏమే, చెట్టు కాడ పులిహోర చేసినట్టుండాదే!” అంది అత్త. వెతికితే గోడవైపు మానుకు బెజ్జాలు, వాటి నిండా ఇంగువ. అలా కూరితే మాను చస్తుందని మా వైపు నమ్మకం. వాసన రాని మందేదో పోసుంటే మాకు తెలిసేదే కాదు. మా బావ ఇంగువ పెట్టి వీధంతా చాటుకున్నాడు.

అంతవరకు బావ ఎదుట గొంతెత్తి ఎరగను. ఆ రోజు గోడ దగ్గర నిలబడి అడిగాను. “చెట్టుకు తిరగవాత పెడితిరా బావా? మీ యమ్మ యాడ పండుకోవల్ల?”

“నీడ నా మిద్దె మీద పడతాండాది. కొట్టెయ్యమంటే వింటిరా మీరు? అమ్మకు ఫ్యాను కొనియ్యమను నీ మొగున్ని,” అన్నాడు. రేకుల కింద ఫ్యాను వడగాలిని తిప్పుతుందే తప్ప చల్లార్చదు. మా ఆయన మాత్రం అన్నతో గొడవెందుకని చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఎండిన మాను కొట్టేశాం. మొదలు చావలేదని అత్త రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోసేది. కొడుకును ఒక్క మాట అనలేదు. నేనే పోరితే, “వాడు బయపడినాడే, చిన్నప్పటి నుంచి అంతే,” అంది. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. వానలకు ఆ మొదలు చిగురు వేసింది. అత్తే చుట్టూ కంప వేసి కాపాడింది. ఆ నీడ మంచమంత కాకముందే, మరుసటి ఎండాకాలం రేకుల కింద మళ్ళీ వడదెబ్బ తగిలి అత్త పోయింది. ఆ చిగురే ఇన్నేళ్ళకు ఇంత చెట్టయింది.

“మంచి నీడుండాదమ్మా,” అన్నాడు బావ ఈ పొద్దున, కారు తుడుస్తూ. వాస్తు సంగతి మరిచిపోయినట్టున్నాడు.

“మీ యమ్మ నీళ్ళు పోసిన నీడ బావా. కారు తియ్యండి,” అన్నాను.

కారు తీసి తన వాకిట్లో, ఎండలో పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి కానుగ నీడ గోడ దాటి, ఆయన మిద్దె మీదా, ఆ కారు మీదా పరుచుకుంది. ఏళ్ళు గడిస్తే కోపాలు చల్లారతాయంటారు. చెట్టుకు చల్లారిందేమో గానీ, నాకింకా ఆ ఎండాకాలమే పోలేదు.