ఉక్కమ్మా, కాఫీ!

డోంబెక్ మాస్టారికి మనుషుల పేర్లతో పనిలేదు. మనిషి కనిపిస్తే చాలు, ఊరు కనుక్కుని, ముందు ప్రాంతం, తర్వాత పరిశ్రమ తేల్చి, ఇక ఆ సరుకు పేరుతోనే పిలిచేవాడు. ఒహాయో నది ఒడ్డున కెల్సీ ఫెర్రీ హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు భూగోళం చెప్పిన ఫలితం అది.

ఆయన రోజూ టిఫిను తినే హోటల్లో వడ్డించే వెర్నాకు ఆయన నోరు విప్పితే గుండె దడ. కొత్తగా వచ్చిన ఫాదర్‌ది బీరుకు పేరుపడ్డ మిల్వాకీ అని తెలియగానే, చర్చి నుంచి వచ్చిన జనమంతా వింటుండగా, "ఏం బీరుగారూ, బాగున్నారా?" అనేశాడు. వెర్నా చేతిలో కాఫీ కెటిల్ జారి కిందపడింది. టైర్ల ఫ్యాక్టరీల ఊరు ఏక్రన్ నుంచి కాపురానికొచ్చిన పిల్లని "రబ్బరమ్మా" అన్నాడు. ఆయన లెక్కలో ప్రాంతానికో బల్ల; ఓ దక్షిణాది లారీ డ్రైవరు పక్కన కూర్చోబోతే, "బర్మింగ్‌హామా? ఉక్కే గానీ దక్షిణపు ఉక్కు. నీ బల్ల అటు" అని పంపేశాడు.

వెర్నా మొగుడు ఎమిల్ ఊళ్ళోని ఉక్కు మిల్లులో పనివాడు. అంచేత ఆవిడ పంతొమ్మిదేళ్ళుగా ఉక్కమ్మ.

"నాకో పేరుంది మాస్టారూ!"

"ఉంటే ఉండనీ. గుడ్లు వేయించు, ఉక్కమ్మా."

ఒక సోమవారం ఆ మిల్లు మూసేశారు. మర్నాడు పని పోయిన మగాళ్ళంతా హోటల్లో తలలు వంచుకుని కూర్చున్నారు. మాస్టారు వచ్చి, గోడకు తానే తగిలించిన దేశపటంలో కెల్సీ ఫెర్రీ పక్కనున్న "ఉక్కు" అన్న మాటను బ్లేడుతో గీకేశాడు.

"ఇదేం పని మాస్టారూ! పుండు మీద కారం చల్లుతారా?" అని వెర్నా కేకలేసింది.

"లేని ఉక్కును ఉందని ఎలా రాయను? కాఫీ ఇవ్వు, వెర్నా."

వెర్నా! పంతొమ్మిదేళ్ళు పోరినా రాని పేరు. ఊరితోపాటు తననూ గీకేసినట్టు ఆవిడకి ఏడుపొచ్చింది. మాస్టారు అదేం పట్టించుకోకుండా నోటుపుస్తకం తీసి ఒక్కొక్కణ్ణీ ఆరా తీయసాగాడు.

"ఎమిల్, మిల్లులో నీ పనేమిటి?"

"కొలిమి లోపల ఇటుక పేర్చేవాణ్ణి. ఇప్పుడెందుకండీ అదంతా?"

"అరెరె, నువ్వసలు ఉక్కే కాదయ్యా! ఇన్నేళ్ళూ తప్పు గడిలో పెట్టాను."

గరిటె విసరబోయిన వెర్నాను పక్కవాళ్ళు పట్టుకున్నారు.

మూడు వారాలకు ఎమిల్‌కి టొలీడో నుంచి ఉత్తరం వచ్చింది. "మా గాజు కొలిమికి ఇటుక పేర్చేవాళ్ళు కావాలి. వెంటనే రండి. డోంబెక్ మాస్టారు నాలుగు ఉత్తరాలు రాసి నా ప్రాణం తీశారు. నేను ఈ ఊరొచ్చినప్పటి నుంచి నన్ను 'గాజూ' అనే పిలుస్తారు." ఏ సరుకు ఊళ్ళో చూసినా ఆయన పాత శిష్యుడొకడున్నాడట. అలాంటి ఉత్తరాలు పదకొండు ఇళ్ళకు వచ్చాయి.

మర్నాడు వెర్నా దణ్ణం పెట్టినంత పని చేస్తూ ఆయన బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు.

"గుడ్లు వేయించు, గాజమ్మా."

"నాకో పే..." అని అలవాటుగా నోరు తెరిచి, గభాల్న మూసుకుంది.

"ఎన్ని, మాస్టారూ?" అంది గాజమ్మ.