మళ్లొస్తవా?

నేను అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్న రోజులవి. ఒక సాయంత్రం బస్సులో నా పక్కన విదేశీ ఆవిడ కూర్చుంది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బస్సు ఎంతకీ కదలకపోయేసరికి ఇంగ్లీషులో మాట కలిపింది. అనాథాశ్రమంలో ఒక పాపని దత్తత తీసుకోవడానికి వచ్చిందట. కోర్టు ఒప్పుకున్నా, ఆఫీసులో ఒక్క సంతకం కోసం ఏడాదిగా తిప్పుతున్నారట. పాపని వారానికి ఒక్కసారే చూడనిస్తారు. మొదట్లో పాపకి మాటలే రావు, ఇప్పుడు గలగలా తెలుగు మాట్లాడుతోందట.

"నిన్న నేను బయల్దేరుతుంటే ఏదో అడిగింది. 'మళ్లొస్తవా' అంటే ఏమిటి?"

చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"ఇంకో బిస్కెట్ కావాలా అంటోందనుకున్నాను. నవ్వుతూ 'లేదు' అన్నాను. నాకొచ్చిన తెలుగు అదొక్కటే."

"పైసలిచ్చి మన పిల్లలను కొనుక్కపోతరమ్మ గీళ్లు," అన్నాడు వెనక నిలబడ్డ పెద్దమనిషి.

"కొనుక్కుపోయేదైతే ఏడాది నుంచి ఇక్కడెందుకు పడుంటుందండీ?" అని అరిచేశాను. బస్సంతా నా వైపు చూసింది. చూడనీ.

"వస్తాను అని ఎలా చెప్పాలి?" అంది ఆవిడ.

"వస్త అనండి. పాపకి అర్థమవుతుంది."

వెంటనే లేచింది. "ఇవాళ లోపలికి రానివ్వరు. ఆశ్రమం గేటు బయట నుంచి అరుస్తాను," అంటూ ఆగిన బస్సు దిగి, వాహనాల మధ్య నుంచి వెనక్కి పరిగెత్తింది.

ఆ పాప ఆవిడ ఇల్లు చేరిందో లేదో నాకు తెలీదు. ఏ ఆఫీసులోనైనా ఎవరైనా తాపీగా "రేపు రండి" అంటే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.