లాట్‌సాబ్ పథ్యం

నోరు తెరవకుండా పొద్దు గడపడం ఒక విద్య అయితే, ఇరవై రెండేళ్ళకే నేను అందులో ఆరితేరిపోయాను. ఆ రోజుల్లో షేర్ ఆటో ఎక్కితే, నేను దిగాల్సిన చోటు కళ్ళముందు నుంచే వెనక్కి వెళ్ళిపోతున్నా "రోకో భయ్యా" అనే రెండు ముక్కలు నా గొంతు దాటేవి కావు. ఇంకెవరైనా దిగేదాకా కూర్చుని, అక్కడ దిగి, వెనక్కి నడిచొచ్చేదాన్ని. (ఒకసారి ఎవరూ దిగలేదు. ఆటోతో పాటు స్టాండు దాకా వెళ్ళాను.) ఇంటికొచ్చాక మాత్రం ఆ ఆటో భయ్యాతో ఏమనాలో, ఎలా అనాలో డైరీలో రెండు పేజీలు రాసుకునేదాన్ని. అమ్మానాన్నలు అండమాన్ ఉత్తర కొసన డిగ్లీపూర్‌లో కొట్టు చూసుకునేవారు. నేను పోర్ట్‌బ్లెయిర్‌లో, డిగ్నాబాద్ పేటలో, మా నాన్నమ్మ దగ్గరుంటూ కొత్త ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. ఆఫీసుకి వచ్చిన ఉత్తరాలకి నంబర్లు వేసి లోపలికి పంపడం నా పని. ఉత్తరాలు తిరిగి ఏమీ అడగవు కాబట్టి మాకు చక్కగా కుదిరింది.

నాన్నమ్మ ఇంట్లో పెత్తనమంతా లాట్‌సాబ్‌ది. పసుపు చారల పిల్లి. పొట్ట కాస్త వేలాడుతూ, తోక నిలబెట్టి, మా సందులో మిగతా ఆరిళ్ళకీ తానే యజమాని అన్నట్టు తిరిగేవాడు. ఆ ఏడు వానలు మొదలైన వారానికి వాడి నీళ్ళ గిన్నె రోజుకి మూడుసార్లు నింపాల్సి వచ్చింది. తింటున్నకొద్దీ చిక్కిపోయాడు. వెనక కాళ్ళ మడమలు నేలకానించి, కొత్త చెప్పులు కరిచినవాడిలా నడవడం మొదలుపెట్టాడు. బుట్టలో కూర్చోబెట్టి పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ రక్తం చూసి, షుగర్ అని తేల్చింది.

"మూగజీవికి సుగరేటే?" అంది నాన్నమ్మ. "దానికేటి బెంగలున్నాయని?" నాన్నమ్మకే అప్పటికి పన్నెండేళ్ళుగా షుగరుంది. తనది బెంగ వల్ల వచ్చిందని ఆవిడ నమ్మకం. ఏం బెంగ అని అడిగితే మాత్రం మాట మార్చేసేది.

డాక్టరమ్మ రెండు పూటలా ఇన్సులిన్ పొడవడం నేర్పింది. (సూది గుచ్చినప్పుడు లాట్‌సాబ్ కదల్లేదు. కళ్ళు మూసుకున్నది నేను.) మందుకన్నా తిండి ముఖ్యమని చెప్పింది. పిల్లి పుట్టుకతో మాంసం తినేది, పిండి దానికి అరగదు. ఎండు గింజల ప్యాకెట్లు మానేసి డబ్బాల్లో వచ్చే తడి ఆహారం పెట్టాలి. అందులోనూ గ్రేవీ ఉన్నవి వద్దు, ఆ చిక్కదనమంతా పిండే. మెత్తగా ముద్దలా ఉండేవి చూసుకోవాలి. తీరా పిండి ఎంతుందో డబ్బా మీద రాయరట. ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (ఉప్పులూ ఖనిజాలూ అన్నమాట) అని వేస్తారు. అవన్నీ కలిపి నూరులోంచి తీసేస్తే మిగిలేది పిండి. "ఒకటో రెండో మిగిలిందని మురిసిపోకమ్మా, డబ్బాలో ముప్పాతిక నీళ్ళే. నీళ్ళు పక్కన పెట్టి, మిగతా దాంట్లో ఎంత భాగమో చూడు" అని కాగితం మీద చేసి చూపించింది. చివర్లో కళ్ళజోడు తీసి, "రెండు వారాలు చూద్దాం. తిండి సరిగా లేకుండా మందు పెంచుకుంటూ పోలేను, వీడికే ప్రమాదం. ఆ కాళ్ళు ఇంకా జారిపోతే మళ్ళీ లేవడం కష్టం" అంది. లాట్‌సాబ్ ఆవిడ బల్ల మీద కూర్చుని, వేరే ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అబర్దీన్ బజార్లో పిల్లుల తిండి అమ్మే కొట్లో ఆ సాయంత్రం గంటన్నర నిలబడ్డాను. చదవడం ఒక్కటే నాకు చేతనైన పని కాబట్టి ప్రతి డబ్బా వెనకా చదివాను. కొట్టు భయ్యా నేను తేదీలు చూస్తున్నాననుకుని, "దీదీ, సబ్ తాజా మాల్ హై, ఇప్పుడే షిప్ మీద వచ్చింది" అన్నాడు. తల ఊపాను. కాసేపటికి స్టూలు తెచ్చి వేశాడు. ఇంకాసేపటికి లైటు వేశాడు. చేపల గ్రేవీలు, కోడి గ్రేవీలు అన్నీ లెక్కలో పోయాయి. లాట్‌సాబ్ ప్రాణం పెట్టే నక్షత్రాల కరకర బిస్కెట్లు చూస్తే సగానికి సగం పిండి. ఇన్నాళ్ళూ ప్రేమగా నా చేత్తోనే పెట్టానే అనుకుంటూ ఆ ప్యాకెట్టుని అరలో గోడ వైపు తిప్పి పెట్టాను. చివరికి ఒక్కటి నిలిచింది, కోడిమాంసం ముద్ద. కానీ దాని మీద బూడిద ఎంతో వేయలేదు. కంపెనీ ఫోన్ నంబరు మాత్రం ఉంది. ఫోన్ చేసి మాట్లాడటమన్నది జరిగే పని కాదు కాబట్టి మెయిల్ రాశాను, మూడు పేరాల్లో, క్షమాపణలతో సహా. రెండో రోజుకి "డియర్ సర్" అని జవాబొచ్చింది. లెక్క వేస్తే ముద్ద పాసైంది. మళ్ళీ షిప్ ఎప్పుడొస్తుందో తెలియదని ఉన్న డబ్బాలన్నీ తెచ్చేశాను. చిరుతిండికి ఉప్పూ కారం లేకుండా ఉడికించిన సూరచేప ముక్కో, కోడి ముక్కో చిటికెడంత పెట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది.

వారం తిరిగేసరికి షుగర్ వీసమెత్తు దిగలేదు. "బయట ఎక్కడైనా తింటున్నాడా?" అని అడిగింది డాక్టరమ్మ. ఎక్కడైనా ఏమిటి, ఆరిళ్ళలోనూ తింటాడు. లోపల పెట్టి తలుపేస్తే వంటింటి వెంటిలేటర్లోంచి జారుకునేవాడు. అయితే అందరికీ చెప్పమ్మా, పెట్టొద్దని, అందావిడ చాలా తేలిగ్గా. ఆరిళ్ళ తలుపులు తట్టి, ఆరుసార్లు నోరు తెరిచి, పెద్దవాళ్ళని ఫలానా పని చేయకండి అని చెప్పడం. దానికన్నా నాకే ఇన్సులిన్ పొడుచుకోవడం నయమనిపించింది. ఆ రాత్రి అట్టముక్క కత్తిరించి, పెన్నుతో దిద్ది, హిందీలో "ముఝే షుగర్ హై" అని రాసి లాట్‌సాబ్ మెడపట్టీకి కట్టాను. పెట్టొద్దు అని రాద్దామనుకున్నా అది మరీ మొహం మీద చెప్పినట్టుంటుందని మానేశాను. షుగరుందని తెలిశాక కూడా ఎవరు పెడతారులే అనుకున్నాను. నా తెలివికి నేనే మెచ్చుకుని డైరీలో ఒక పేరా కూడా రాసుకున్నాను.

మా సందులో షుగర్ లేని ఇల్లు లేదన్న సంగతి, షుగరొచ్చిన మనిషికి ఇక్కడ ఎవరూ తిండి మాన్పించరు, మెనూ మారుస్తారన్న సంగతి నాకు తట్టనే లేదు.

నాలుగు రోజుల తర్వాత చూస్తే షుగర్ ఇంకా పెరిగింది. సాయంత్రం లాట్‌సాబ్ వెనకాలే వెళ్ళి నీళ్ళ డ్రమ్ముల చాటున నిలబడ్డాను. మొదటి గుమ్మం కాకీమాది, అంటే బెంగాలీ పిన్నిగారిది. ఆవిడ వాడి మెడలో అట్ట మరోసారి చదివి, అయ్యో అని బుగ్గలు నిమిరి, తీపి లేని బిస్కెట్లు రెండు నీళ్ళలో నానబెట్టి పెట్టింది. తర్వాతిది సారంగు తాతది. ఆయన హార్బర్‌లో ఫెర్రీ నడిపి రిటైరైన సిక్కోలు మనిషి, సందుకంతటికీ పెద్ద. ఇద్దరం ఒకే బాపతురా అంటూ తన చపాతీలో సగం తుంచి చేపల పులుసులో ముంచి ఇచ్చాడు. ఒక ఇంట్లో ఓట్సు. ఇంకో ఇంట్లో గోధుమ రవ్వ ఉప్మా. వాడు ఒక్కొక్క గుమ్మం దగ్గరా మర్యాదగా తిని, మూతి తుడుచుకుని, మడమల మీద ఊగుతూ తర్వాతి గుమ్మానికి వెళ్తున్నాడు. వాళ్ళు అంత శ్రద్ధగా పెడుతుంటే నేను డ్రమ్ముల చాటునుంచి బయటికే రాలేకపోయాను. ఇంటికొచ్చి నాలుగు పేజీలు రాశాను.

మర్నాడు లాట్‌సాబ్ రోజూ ఎక్కే పిట్టగోడ ఎక్కబోయి, సగంలో జారి, దబ్బున కింద పడ్డాడు. లేచి, పడింది ఎవరా అన్నట్టు అటూ ఇటూ చూశాడు. మళ్ళీ ఎక్కడానికి ప్రయత్నించలేదు. రెండు వారాల్లో ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

మాకు కుళాయి మూడు రోజులకొకసారి వస్తుంది. తెల్లవారి ఐదున్నరకే, కానీ మా దీవుల్లో అప్పటికే ఎండ మొహాన కొడుతుంది. ఆ గంటలో సందంతా పైపులు, డ్రమ్ములు, బిందెలతో బయటే ఉంటుంది. ఆరు తలుపులు తట్టక్కర్లేదు, ఒక్కసారి నోరు తెరిస్తే చాలు. చెప్పాల్సిందంతా ముందురోజే తెలుగులో రాసి, హిందీలోకి మార్చుకుని, బట్టీ పట్టాను. నీళ్ళొచ్చాయని నాన్నమ్మ కేకేయగానే లాట్‌సాబ్‌ని ఎత్తుకుని సందు మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. (వట్టి చేతులతో వెళ్ళే ధైర్యం లేదు.) అందరూ నా వైపు చూశారు. బట్టీ పట్టిందంతా తుడిచిపెట్టుకుపోయింది.

"ఏటి బేటీ, మోటారు పాడయిందా?" అన్నాడు సారంగు తాత.

తల అడ్డంగా ఊపాను. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. చేతుల్లో లాట్‌సాబ్ బరువు ఇదివరకటికి సగం కూడా లేదని మాత్రం బాగా తెలుస్తోంది.

"వీడికి ఎవరూ ఏమీ పెట్టకండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి అన్నాను. "మీరు పెట్టేదంతా పిండే. ఇలాగే తింటే వీడింక నడవడు."

కాకీమా చిన్నబుచ్చుకుంది. తాను చక్కెర జోలికే పోలేదని, తీపి లేనివే వెతికి తెప్పించానని హిందీలో చెప్పుకుంది. అందులో తీపి లేకపోయినా మైదా ఉంది కాకీమా అన్నాను. ఓట్సు? అదీ పిండే. గోధుమ రవ్వ? అదీను.

"చపాతీ మంచిదే గదే" అన్నాడు సారంగు తాత.

"చపాతీ కూడా వద్దు తాతా."

షుగరుకీ చపాతీకీ ఉన్న బంధాన్ని మా వీధిలో అంతవరకు ఎవరూ శంకించలేదు. "నాకు పన్నెండేళ్ళ నుంచి అదే తినమన్నాడు డాట్రు" అన్నాడాయన, తన కిందనుంచి ఎవరో ఫెర్రీ లాగేసినట్టు.

"మీరు తినండి తాతా. మీరు మనిషి కదా."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు, తాతతో సహా. ఆ నవ్వుల్లో మా గుమ్మంలోంచి నాన్నమ్మ గొంతు సన్నగా వినిపించింది. "రాగిజావ కూడానేటే?"

తిరిగి చూశాను. "నాన్నమ్మా, నువ్వూనా?"

"రవ్వంతేనే. కాళ్ళకి బలమని." చీర కొంగు సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు కాకీమా దగ్గరికొచ్చి లాట్‌సాబ్ తల మీద చెయ్యేసింది. పెట్టొద్దంటే సరే కానీ, సాయంత్రం గుమ్మం ముందు కూర్చుని మొహంలోకి చూస్తాడే, వట్టి నోటితో ఎలా పంపమంటావు అని అడిగింది. దానికి మాత్రం నా దగ్గర జవాబుంది. ఉప్పు, ఉల్లి, పులుసు తగలకుండా ఉడికించిన చేప ముక్క, నా బొటనవేలి గోరంత. రోజుకి ఒక్క ఇల్లే. సారంగు తాత వెంటనే వంతులు వేశాడు. ఎవరి వంతు ఎప్పుడో బొగ్గుతో తన గోడ మీద రాశాడు. గోరంత అంటే ఎవరి గోరని పేచీ వస్తే, నా బొటనవేలే కొలత అని తీర్పు చెప్పాడు. ఆ వారం నా బొటనవేలిని ఆరిళ్ళవాళ్ళూ పట్టి చూశారు.

గడువు ఆఖరి రోజున షుగర్ మొదటిసారి దిగింది. డాక్టరమ్మ మందు తగ్గించింది, తర్వాత ఇంకొంచెం తగ్గించింది, ఏడు నెలలకి పూర్తిగా ఆపేసింది. మడమలు మెల్లగా లేచాయి. లాట్‌సాబ్ పిట్టగోడ ఎక్కిన రోజు సందంతా వచ్చి చూసింది. వాడు వీపు తిప్పుకుని కూర్చున్నాడు. ఇప్పుడు ముసలివాడయ్యాడు, పథ్యం మీదే ఉన్నాడు, పెత్తనం తగ్గలేదు.

ఆ ఉదయాన్ని తలుచుకుంటే ఇన్నేళ్ళూ నాకు గుర్తొచ్చేది నా బెదురే. ఎంత ఆలస్యం చేశాను, ఎంత నవ్వులపాలయ్యాను అనుకునేదాన్ని. మొన్న ఏదో మాటల్లో నాన్నమ్మ, "ఆ పొద్దు ఎన్ని నీళ్ళు పోయాయే సందులో" అంది. నాకు అర్థం కాలేదు. నేను నోరు తెరవలేక నిలబడ్డంతసేపూ డ్రమ్ములు నిండి పొర్లిపోయాయట. కాకీమా బకెట్టు, సారంగు తాత బిందెలు, అన్నీ. నీళ్ళు కాలవలా పోయి కింది మలుపు దాకా వెళ్ళాయట. "మరి ఎవరూ కుళాయి కట్టేయలేదేం?" అని అడిగాను. "కదిలితే నువ్వు లోపలికెళ్ళిపోతావని" అంది నాన్నమ్మ, బియ్యంలో రాళ్ళేరుకుంటూ. మూడు రోజులకొకసారి నీళ్ళొచ్చే సందులో, నా ఒక్క మాట కోసం అందరూ కాళ్ళు తడుపుకుంటూ కదలకుండా నిలబడ్డారు. తలొంచుకుని పిల్లిని హత్తుకున్న ఇరవై రెండేళ్ళ ఆ పిల్ల మాత్రం తన పాదాలు తడవడం కూడా చూసుకోలేదు.