అవ్వ కట్టించిన మంద

తొంభైల మొదట్లో మా ఆత్మకూరు చెరువు చూస్తే ఎవరో గోరింటాకు రుబ్బి పోసినట్టుండేది. ఊరి మురుగు కాలవ నేరుగా అందులోకే. ముక్కు మూసుకోకుండా కట్ట మీద నడిచేవాళ్లు లేరు. సరిగ్గా అప్పుడే మా అవ్వకు బాప్తిస్మం తీసుకోవాలనిపించింది. తాత బతికున్నన్నాళ్లూ ఒప్పుకోలేదని ఆగిన మనిషి, ఆయన పోయాక, చిన్నప్పుడు తన చెల్లెలు బాప్తిస్మానికి మునిగిన ఆ చెరువులోనే తానూ మునగాలని పట్టుబట్టింది. చర్చి వెనక సిమెంటు తొట్టి కట్టించాం కదమ్మా అని పాస్టరుగారు నచ్చజెప్పబోతే, తొట్లో నీళ్లు గొడ్లకు పెడతారని చెప్పి ఆయన నోరు మూయించింది.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. అవ్వ కోసమని పైకి అనలేదు గానీ, ఆ ఎండాకాలం చెరువు బాగుచేయించడానికి కనబడ్డవాళ్లందరినీ బతిమాలాను. పంచాయతీవాళ్లు విసుక్కుంటూనే మురుగు కాలవను పక్కకు మళ్లించారు. నీళ్లు ఎండాక రైతులు అడుగున పేరుకున్న నల్లమట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. కింద ఎర్రనేల బయటపడ్డ రోజు నాకు గర్వం తలకెక్కింది.

ఆ వారంలోనే సీతారామపురం నుంచి అవ్వ మేనల్లుళ్లు గొర్రెలను తోలుకుని మేతకు వచ్చారు. మా వైపు రాత్రిళ్లు పొలంలో గొర్రెలమందను కట్టించుకుని, ఆ ఎరువుకు బదులుగా రైతు వాళ్లకు గింజలు కొలిచి ఇస్తాడు. అవ్వ ఆ మందను చెరువులో ఊరికే కట్టించింది. దేవుడి పనికి తన వంతట. ఇరవై రోజులు గొర్రెలు ఆ ఎర్రనేల మీదే పడుకున్నాయి. నాకు ముందే చెప్పింది కూడా. మంచి పని చేశావవ్వా అన్నాను. ఎరువు ఎక్కువైతే నీళ్లలో నాచు పెరుగుతుందని తరగతిలో చెప్పే పెద్దమనిషిని నేనే. మా ఇంట్లో మాత్రం పెంట చెడ్డదని అన్నవాళ్లు ఎవరూ లేరు.

వానలకు చెరువు నిండింది. బాప్తిస్మం క్రిస్మస్ ముందు ఆదివారం అనుకున్నాం. నెల తిరక్కముందే నీళ్ల మీద పచ్చగా పొర కట్టింది, చేపలు చచ్చి తేలాయి. అప్పుడు అర్థమైంది నాకు. ఏం లాభం? నలుగురం దోమతెరలతో నాచు లాగాం. ఇవాళ లాగితే రేపటికి మళ్లీ అంతే. ఏడుపొక్కటే తక్కువ.

ఆ ఆదివారం అవ్వ తెల్లచీర కట్టుకుని కట్ట ఎక్కింది. పాస్టరుగారు ఆ నీళ్లలో దిగనన్నారు. అవ్వ నా వైపు తిరిగింది.

"కాలవ మళ్లించినారు గదరా. మళ్లా ఇదెక్కడిది?"

నీ గొర్రెల ఎరువేనని చెప్పాలనుకున్నాను. ఆ ముసలిది దేవుడికి ఇచ్చుకున్న కానుక అదొక్కటే. కాలవ ఎక్కడో తెగి ఉంటుందని అబద్ధమాడాను.

అవ్వ నా భుజం పట్టుకుని కట్ట దిగుతూ నన్నే ఓదార్చింది.

"దిగులు పడబాకరా. ఒక మంద చాల్లేదు. వచ్చే ఎండలకు రెండు మందలు కట్టమని మావోళ్లకు చెప్తాలే."

సరే అవ్వా అన్నాను.