అరవై మూడు తూట్లు

ఆమెను అందరూ రివెట్టక్క అనేవాళ్ళు. అల్యూమినియం గిన్నెలు తయారుచేసే కార్ఖానాలో ఇరవై రెండేళ్ళపాటు రివెట్లు కొట్టి పిడులు బిగించింది. పెద్ద గిన్నెలకు రెండు వైపులా చెవులు, పెనాలకు కాడలు, బకెట్లకు కొక్కేలు. ఆమె బిగించిన పిడి ఊడిందని గిన్నె పట్టుకుని వెనక్కి వచ్చినవాళ్ళు లేరు. ఒకావిడ వచ్చింది గానీ, చూస్తే పిడి గట్టిగానే ఉంది, గిన్నే అరిగిపోయింది. రివెట్టు సరిగ్గా కూర్చుందో లేదో సుత్తి దెబ్బ విని చెప్పేది. పక్క గదిలో ఎవరైనా వంకరగా కొడితే ఇక్కడ కూర్చునే "అది తీసెయ్" అని అరిచేది.

కార్ఖానా మూతపడ్డ రోజు యజమాని ఆమెను పిలిచి, "అక్కా, ఏదైనా గుర్తుగా తీసుకెళ్ళు," అన్నాడు. బల్ల మీద కొత్త గోడగడియారం పెట్టి ఉంది. ఆమె అటు చూడనైనా చూడకుండా తన సుత్తీ, దెబ్బ కొట్టేటప్పుడు రేకు అవతలివైపు ఆనించి పట్టుకునే ఇనప దిమ్మా తీసుకుంది. దిమ్మ బరువు నాలుగు కిలోలు. గేటు దాటేలోపే చేతిసంచి అడుగు తెగింది.

ఆమె భర్త నది దాటించే పడవ నడిపేవాడు. నది సముద్రంలో కలిసే చోటికి కాస్త పైన, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు. పదిమంది పట్టే అల్యూమినియం పడవ, వెనక మోటారు. మనిషి మంచివాడే. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒక డ్రిల్లింగ్ మిషను. తీరిక దొరికితే చాలు, పడవకు ఏదో ఒకటి బిగించాలని చెయ్యి దురద పెట్టేది. ఒకసారి హారను బిగించాడు. ఒకసారి గొడుగు నిలబెట్టే గొట్టం, ఇంకోసారి సంచులు తగిలించే కొక్కేలు, కాళ్ళు పెట్టుకునే కమ్మీ. నెల తిరిగేసరికి అది వణికేది, లేదా ఊడి ఎవరి కాలి మీదో పడేది. అప్పుడు తీసేసి, కొత్త చోట కొత్తది బిగించేవాడు. పాత చోట తూట్లు మిగిలేవి. వాటిలో తారు, కొవ్వొత్తి మైనం, రెండు రంగులు కలిపి పిసికే జిగురు ముద్ద, ఏది చేతికందితే అది కుక్కేవాడు. రేవులో అతన్ని తూట్ల బావ అనడం మొదలుపెట్టి పదేళ్ళయింది. తను బావ వరకే విన్నట్టు ఉండేవాడు.

ఒక వానాకాలం పడవలో నీళ్ళు నిలుస్తున్నాయని తూట్ల బావకు దిగులు పట్టుకుంది. పడవను ఒడ్డుకు లాగి, వెనక అడుగున బొటనవేలంత తూటు పొడిచాడు. నీళ్ళన్నీ చక్కగా కారిపోయాయి. సంతోషించి, దానికొక బిరడా కొట్టాడు.

మర్నాడు పొద్దున్నే తొమ్మిదిమంది ఎక్కారు. అందులో రివెట్టక్క ఉంది, పక్కింట్లో ఉండే ఆమె ఆడపడుచు ఉంది, ఆవలి ఒడ్డుకు కొట్టు మారుస్తున్న టైలరు కుట్టుమిషనుతో సహా ఉన్నాడు. టైలరు కాళ్ళు సర్దుకోబోతూ మిషను జరిపాడు. మిషను కాలు బిరడాకు తగిలి, బిరడా లేచి నీళ్ళలో తేలింది.

"ఇదెవరిది?" అన్నాడు టైలరు, దాన్ని చేతిలోకి తీసుకుని.

ఎవరిదో తేలేలోపు నీళ్ళు చీలమండలు దాటాయి. తూట్ల బావ పడవను వెనక్కి తిప్పాడు గానీ, ఒడ్డు ఇంకా యాభై అడుగులు ఉందనగా పడవ నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు మునిగింది. అదృష్టం బాగుండి అక్కడ నడుం లోతే. తొమ్మిదిమందీ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చారు. టైలరు మాత్రం మిషనును వదల్లేక కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఇద్దరు తిరిగి వెళ్ళి మోసుకొచ్చారు.

రివెట్టక్క నడుం లోతు నీళ్ళలో ఆగి, రేవులో ఉన్న అందరికీ వినబడేలా అంది: "ఏమయ్యా, ఇరవై రెండేళ్ళు నేను చిల్లులు మూసి బతికాను. నువ్వు పొడిచి బతుకుతున్నావు. నీ పడవ ఇంక ఎక్కితే ఒట్టు!"

ఆ మాటకు కొందరు నవ్వారు. ఆడపడుచు కూడా నవ్వి, తరవాత తనవాడే కదా అని మూతి ముడుచుకుంది. తూట్ల బావకు తల కొట్టేసినట్టయింది. ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, ఆ తరవాత కూడా అనలేదు. అడిగిన దానికి తల ఊపడం, లేదా లేచి వెళ్ళిపోవడం. డ్రిల్లింగ్ మిషను గోనెసంచిలో చుట్టి మంచం కింద పెట్టేశాడు.

మునిగిన పడవను పైకి లాగి ఇంటి ముందుకు చేర్చారు. మూడోనాడు పడవల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సుద్దముక్కతో ఒక్కో తూటు చుట్టూ సున్నా చుట్టుకుంటూ పోయాడు. తారు, మైనం కుక్కినవాటిని కూడా వదల్లేదు. మధ్యలో సుద్ద అయిపోతే ఇంకోటి తీశాడు. చివరికి నడుం పట్టుకుని లేచి, "అరవై మూడు," అన్నాడు. "ఒక్కోటీ లోహంతో మూయాలి. ముద్దలూ బిరడాలూ కుదరవు. మూసి చూపిస్తే పర్మిట్ తిరిగి ఇస్తాను. అందాకా ఇది నీళ్ళ మొహం చూడకూడదు."

తూట్ల బావ తల ఊపాడు. పడవలు బాగుచేసే మేస్త్రీ వచ్చి చూశాడు. "ఇది పడవ కాదు బావా, జల్లెడ. తూకానికి అమ్మెయ్," అని టీ తాగి వెళ్ళిపోయాడు.

నెలన్నర గడిచాక పాత సామాన్లవాడు తక్కెడ వేసుకుని రానే వచ్చాడు. వసారాలో కూర్చున్న తూట్ల బావ పడవ వైపు చెయ్యి చూపించి మొహం తిప్పుకున్నాడు. గొడ్డలితో ముక్కలు చెయ్యాలని సామాన్లవాడు పడవ చుట్టూ తిరుగుతుంటే రివెట్టక్క తడి చేతులతో బయటికి వచ్చింది. అప్పటిదాకా ఆ పడవను పరీక్షగా చూడలేదామె. మునిగిందన్న కోపమే తప్ప. ఇప్పుడు వంగి, వేళ్ళ కణుపులతో అడుగంతా తట్టుకుంటూ వెళ్ళింది. రేకు మందంగా ఉంది, ఎక్కడా పొర లేవలేదు. ఇనప బోల్టులు ఉండిపోయిన నాలుగైదు చోట్ల మాత్రం చుట్టూ తెల్లటి పొడి పూసి, లోహం తినేసి ఉంది. మిగతా అంతా ఖంగుమంటోంది.

"ఇది అమ్మకానికి లేదు," అంది.

"అన్న రమ్మన్నాడక్కా."

"అన్న మాట్లాడటం లేదుగా. ఎలా రమ్మన్నాడు?"

సామాన్లవాడు తూట్ల బావ వైపు చూశాడు. తూట్ల బావ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. రివెట్టక్క అంతటితో వదలకుండా, సామాన్లవాడి బండిలో ఉన్న ఇంకో పడవ ముక్కను అడిగి తీసుకుంది, అతుకులకు అదే మందం రేకు కావాలని. దానికి బదులుగా అతని తక్కెడ గొలుసు ఊడిపోతుంటే అక్కడే నిలబడి బిగించి ఇచ్చింది.

పడవను నాలుగు చెక్క దిమ్మల మీద బోర్లించారు. రివెట్టు కొట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. లోపలివైపు నుంచి రివెట్టు దూర్చి, దాని తలకు ఇనప దిమ్మ ఆనించి ఒకరు గట్టిగా పట్టుకోవాలి. బయటికి వచ్చిన తోకను ఇంకొకరు సుత్తితో అణచాలి. దిమ్మ కదిలిందా, రివెట్టు వదులైపోతుంది. ఆడపడుచును అడిగితే, "వదినా, నాకు చీకట్లో దూరడమంటే భయం," అంది. రివెట్టక్క వసారాలోకి వెళ్ళి దిమ్మను భర్త ఒళ్ళో పెట్టింది. అతను కాసేపు దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. తరవాత లేచి, పడవ కిందికి దూరాడు.

"ఒకసారి తడితే సిద్ధం. రెండుసార్లు తడితే ఆగాలి," అంది ఆమె. లోపల్నుంచి ఒకసారి తట్టాడు.

తారు గీకడం, తెల్ల పొడి పూసిన చోట మెరిసే లోహం తగిలేదాకా తోమడం, అంచుల గరుకు తీయడం, ఇవన్నీ ఆమె ముందే చేసి పెట్టుకుంది. చిన్న తూటుకు జిగురు పూసిన ఒక్క రివెట్టు. పెద్దదానికి రేకు బిళ్ళ కత్తిరించి, కింద జిగురు పూసి, చుట్టూ వరసగా రివెట్లు. ఒక తట్టు, నాలుగు దెబ్బలు. మళ్ళీ ఒక తట్టు, నాలుగు దెబ్బలు. ఆడపడుచు గోడ మీదుగా తొంగిచూసి, "మొగుడూ పెళ్ళాం మంచి ముచ్చటే పెట్టుకున్నారు," అని వెళ్ళిపోయింది.

అలా నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు గొడుగు గొట్టం తాలూకు తూట్ల దగ్గరికి వచ్చారు. ఆమె సుత్తి ఎత్తి ఎదురుచూస్తోంది. తట్టు వినబడలేదు.

"ఏమయ్యా, సిద్ధమేనా?"

లోపల్నుంచి గొంతు వచ్చింది. రెండు నెలలు వాడకపోవడంతో బొంగురుపోయింది. "ఈ నాలుగూ నీ కోసం పొడిచినవే."

ఆమె సుత్తి దించింది.

"ఆవలి ఒడ్డున పనికి వెళ్ళేటప్పుడు పడవలో నీకు ఎండ మొహాన కొట్టేది. గొడుగు పట్టుకుంటే సంచి జారేది. అందుకని గొట్టం పెట్టాను. గాలికి వణికింది, తీసేశాను. ఆ తరవాత సంచి కోసం కొక్కెం పెట్టాను. కాలి కమ్మీ కూడా నీకే. నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయనేదానివి కదా."

రివెట్టక్క పడవ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఆ కొక్కేనికి ఆమె ఏనాడూ సంచి తగిలించలేదు. కమ్మీ అడ్డంగా ఉందని రెండుసార్లు తన్నింది కూడా.

"చెప్పొచ్చుగా," అంది చివరికి.

"ఊడిపోయాక ఏం చెప్పను?"

ఆమె సుత్తి పిడిని కొంగుతో తుడిచింది. "మరి ఆ హారను?"

"హారను నా సరదాకే."

"రేవులో అందరి ముందూ ఆ మాట అనకుండా ఉండాల్సింది," అంది ఆమె.

"మునిగాక ఎవరైనా అంటారులే," అన్నాడు అతను. తరవాత ఒకసారి తట్టాడు. నాలుగు దెబ్బలూ ఆమె ఎప్పటికన్నా మెల్లగా కొట్టింది. సరిగ్గా కూర్చోలేదని విని, తీసేసి మళ్ళీ కొట్టింది.

ఆ రోజు నుంచి పడవ కింద నుంచి మాటలు ఆగలేదు. రెండు నెలలవి ఒక్కసారి మొదలయ్యాయి. రెండుసార్లు ఆమే "కాస్త ఊరుకో, దెబ్బ వినబడటం లేదు," అనాల్సి వచ్చింది.

పన్నెండో రోజుకు అరవై మూడూ పూర్తయ్యాయి. పడవను నీళ్ళలో దించి చూద్దామని తూట్ల బావ అన్నాడు. "నీళ్ళలో దించితే మునిగాక తెలుస్తుంది. నీళ్ళే పడవలో పోద్దాం," అంది రివెట్టక్క. గిన్నెలను అలాగే పరీక్షించేవాళ్ళు. పడవను తిరగేసి దిమ్మల మీద ఎత్తిపెట్టి, బిందెలతో నీళ్ళు మోసి సగం దాకా నింపారు. కింద నేలంతా పొడి సుద్ద చల్లారు. వీధిలో వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నీళ్ళలో ఉండాల్సిన పడవ గాల్లో, పడవ కింద ఉండాల్సిన నీళ్ళు పడవలో.

ఇన్‌స్పెక్టరు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, పడవ కిందికి తలపెట్టి చాలాసేపు చూశాడు. అరవై మూడు చోట్లా చెమ్మ అన్నది లేదు. లేవబోతుండగా టప్‌మని ఒక చుక్క అతని మెడ మీద పడింది.

"ఇది నా లెక్కలో లేదే," అన్నాడు మెడ తుడుచుకుంటూ.

చూస్తే ముందువైపు అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక. అది తూట్ల బావ పనీ కాదు, ఎవరి పనీ కాదు. పడవ ముసలిదయింది, అంతే. మొదటిసారి తన తప్పు కానిది ఒకటి దొరికినందుకు తూట్ల బావ మొహం విప్పారింది. "చూశారా సార్, ఇది నాది కాదు!" అని వచ్చిన ప్రతివాళ్ళకూ చూపించాడు. రివెట్టక్క నీళ్ళు తోడించి, చీలిక మీద పొడుగాటి బిళ్ళ వేసింది. మర్నాడు మళ్ళీ నింపారు. ఇన్‌స్పెక్టరు ఈసారి టోపీ పెట్టుకుని మరీ కింద దూరాడు. తడవకుండా బయటికి వచ్చి పర్మిట్ చేతిలో పెట్టాడు.

"ఈ పని ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"గిన్నెల దగ్గర సార్."

అతను రాసుకోబోయి ఆగి, పెన్ను మూసేశాడు.

ఆ తరవాత పరీక్షలో తప్పిన ప్రతి పడవవాడికీ ఇన్‌స్పెక్టరు రివెట్టక్క ఇంటి గుర్తులు చెప్పడం మొదలుపెట్టాడు. జల్లెడన్న మేస్త్రీ కూడా తనవల్ల కానివి పంపేవాడు, తన పేరు చెప్పొద్దని. ఇంటి ముందు రేకుల పంచ వేశారు. వానాకాలానికి ముందు మూడేసి పడవలు వరసలో బోర్లా పడుకుని ఉంటాయి. ఆమె మోకాళ్ళు మునుపటంత వంగవు. అందుకని నది దాటింపుల మధ్య దొరికిన ఖాళీలో తూట్ల బావ కూడా సుత్తి పట్టడం నేర్చుకున్నాడు. ఇష్టంగా కొడతాడు, గట్టిగా కొడతాడు, కొంచెం పక్కకు కొడతాడు. అప్పుడు ఆడపడుచు పడవ కింద దూరి దిమ్మ పట్టుకుంటుంది. చీకటి అలవాటైపోయింది వదినా అంటుంది.

అతను తన దెబ్బలు పూర్తిచేసి, "ఎలా ఉంది?" అని అడుగుతాడు.

"బాగానే కూర్చుంది," అంటుంది రివెట్టక్క.

అతను పడవెక్కి ఆవలి ఒడ్డుకు బయల్దేరాక, మోటారు చప్పుడు నది మధ్యకు చేరేదాకా ఆగి, అతను కొట్టిన రివెట్లను ఒక్కొక్కటే తీసి మళ్ళీ కొడుతుంది.